సామి వెనక చోటు

ఆ ఏడు పుష్యమాసంలో నా చోటు పోయింది. పంతొమ్మిదేళ్ళు నాదైన చోటు.

మా గురువు తిప్పయ్య సామి మగ్గం నేసుకుని బతికే మనిషి. ఏడాదికొకసారి తన గురువు సమాధికి సైకిలు మీద పోయేవాడు. ధర్మవరం నుంచి తూర్పుగా డెబ్భై మైళ్ళు, ఒక్క పగట్లో. బస్సెక్కమంటే ఎక్కడు. శిష్యులం ఏడెనిమిది మందిమి వెంట పోయేవాళ్ళం, ఒకడి చక్రం వెనక ఒకడి చక్రం. బయలుదేరేటప్పుడు సామి ఏ వరస చెబితే అదే వరస. ముందు సామి, సామి వెనక నేను. నా వెనక ఎవడుంటే నాకేం?

ఆ పొద్దు మంచు ఇంకా విడవలేదు. మఫ్లర్లు చుట్టుకుని నిలబడ్డాం. నేను నా చోట్లో సైకిలు పెట్టుకునే ఉన్నా. సామి వెనక్కి తిరిగి, "సుంకన్నా, నా వెనక నువ్వు రా నాయనా" అన్నాడు.

సుంకన్న మా దగ్గరికొచ్చి మూడు నెలలు కాలేదు. కామెర్లొచ్చి లేచినవాడు, మనిషి పుల్లలా ఉన్నాడు. తత్వం ఒకటి తప్పు లేకుండా పాడలేడు. సామికి మంచినీళ్ళిచ్చేటప్పుడు రెండు చేతులతో ఇవ్వాలని కూడా తెలీదు. నాకు అరవై మూడేళ్ళు. వాడొచ్చి నా ముందు నిలబడి, "అన్నా, ఏమనుకోవద్దు" అన్నాడు.

అనుకున్నాను. ఇరవై మైళ్ళు అదే అనుకుంటా తొక్కాను.

గాలిమరల గుట్టలు వచ్చాయి. తూర్పుగాలి ఎదురుకొడుతోంది. ముందు సుంకన్న వీపు ఊగుతోంది. ఆ వీపును చూసేకొద్దీ నా కడుపు మండింది. వరస తప్పి, గట్టిగా నాలుగు తొక్కులు తొక్కి, వాడి పక్కకొచ్చి ముందుకు అరిచాను.

"సామీ, ఆ చోటు నాది."

"ఎవరిచ్చినారప్పా నీకు?" సామి తల తిప్పకుండానే అడిగాడు.

"మీరే. పంతొమ్మిదేండ్లాయె. నేను చేసిన తప్పేంది?"

సామి ఇంకో నాలుగు తొక్కులు తొక్కాడు. తర్వాత, "సుంకన్నా, రొంత వెనక్కి తగ్గు. కదిరప్పను రానీ" అన్నాడు.

సుంకన్న తగ్గాడు. నేను చొరబడ్డాను. ఒకసారి వెనక్కి తిరిగి వాడి మొహం చూశాను కూడా. ఎందుకు దాచాలి, సంతోషమైంది.

సామి వెనక చేరగానే గాలి ఆగిపోయింది. ఎప్పుడూ అంతే. గురువు దగ్గరుంటే గాలి కూడా అణిగి ఉంటుందని కొత్తవాళ్ళకు నేనే చెప్పేవాణ్ణి.

రెండు ఫర్లాంగులు పోయాక సామి ఏమీ అనకుండా సైకిలును రోడ్డు మధ్యకు ఒక బారెడు జరిపాడు.

గాలి వచ్చి రొమ్ము మీద తన్నింది. హ్యాండిలు వంకర తిరిగింది. కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల దాకా పోయాయి. మోకాళ్ళు రెండూ పట్టేశాయి. వేళ్ళు బ్రేకు మీద ఉన్నాయో లేవో తెలీలేదు. సామి నా పక్కనే వస్తున్నాడు. నేను ఎంత మెల్లగా పోతే అంత మెల్లగా.

"సామీ, ముందుకు రాండి" అన్నాను. మాట సగం గాలికే పోయింది.

"నువ్వొచ్చిన ఏడు నీకేం జబ్బు కదిరప్పా?"

"టైఫాయిడు. అదిప్పుడెందుకు సామీ?"

"అందుకే వెనక పెట్టుకుంటి. జబ్బు తగ్గిపాయె. నువ్వు తప్పుకోలా, నేను తప్పించలా."

జవాబు చెప్పడానికి ఆయన వైపు తిరిగాను. ఇన్నేళ్ళలో ఈ దారిలో నేను చూసింది ఆయన వీపే. మొహం ఎప్పుడూ చూడలేదు. పెదవులు చీలి రక్తం గడ్డ కట్టింది. కళ్ళు ఎర్రగా వాచిపోయి, నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి వదిలితే సైకిలు నిలవదు, అందుకని తుడుచుకోవడం లేదు.

తల దించి తొక్కాను. ఎంత తొక్కినా సైకిలు జానెడు జానెడే కదిలింది. సామిని దాటి ఒక సైకిలు పట్టేంత ముందుకు పోయాను. సామి వచ్చి నా వెనక చేరాడు. ఆయన వెనక సుంకన్న చేరాడు. చేరతాడు, వాడికేం. వాడితో ఈ రోజుకీ నేను సరిగ్గా మాట్లాడను.

కొంత దూరం పోయాక వెనక నుంచి సామి గొంతు వినిపించింది.

"రొంత మెల్లగా తొక్కు నాయనా. నాకు డెబ్భై ఆరు."