కెజియా పిడికిలి

కెజియా రిటైరైపోతోందని ఊరూవాడా కోడై కూస్తోంది. తెలియనిదల్లా కెజియాకే.

పదిహేనేళ్ళ పైగా రాష్ట్ర బాస్కెట్‌బాల్ జట్టుకి ఆమే ప్రాణం. ఇప్పుడేమో పేపరువాళ్ళు 'ఇదే ఆఖరి టోర్నీ' అని రాసేశారు. ఎవడో ఆమె ఫొటోకి పూలదండ తగిలించి ఫోన్లలో తిప్పాడు. బతికున్న మనిషికి దండేమిటో వాడికే తెలియాలి! మోకాలికి పట్టీ వేసుకుంటే 'చూశారా' అన్నారు. వేసుకోకపోతే 'దాస్తోంది' అన్నారు. సొంత అత్తగారైతే, "ఇంక ఇంటిపట్టున ఉంటావటగా" అని సంబరపడిపోయింది.

జాతీయ పోటీల జాబితాలో పేరు ఉంచాలో తీసెయ్యాలో సాయంత్రంలోగా చెప్పమన్నారు జట్టు సెక్రటరీ. కెజియాకి కాలు నిలవలేదు. రేపల్లె బస్సెక్కి, చిన్నప్పుడు తనకి బంతి పట్టుకోవడం నేర్పిన నాగూర్ మాస్టారి దగ్గరికి వచ్చిపడింది.

హైస్కూలు కోర్టులో ఆడపిల్లల చేత ఆడిస్తున్నారాయన. చేతిలో టీ గ్లాసు.

"మాస్టారూ, మీరే చెప్పండి. ఆడనా, మాననా? మీరు మానెయ్యమంటే ఈ క్షణమే మానేస్తాను."

"బూట్లు తెచ్చావా అమ్మాయ్?"

"సంచిలో ఉన్నాయి."

"మరింకేం? ఎర్ర చొక్కాల వైపు ఒకళ్ళు తక్కువయ్యారు. పో."

దిగింది. వాళ్ళేం పిల్లలు, చిచ్చరపిడుగులు! మొదట్లో రెండుసార్లు బంతిని బుట్టలో వేసిందిగానీ, ఓ పిల్ల పక్కనే పరిగెడుతూ, "అక్కా, నిజంగానే మానేస్తున్నారా?" అని అడిగేసరికి చేతిలో బంతి కాస్తా జారిపోయింది.

కాసేపటికి రొప్పు మొదలైంది. మోకాలు సలుపుతోంది. మాస్టారి వైపు చూసింది. ఆయన టీ ఊదుకుంటున్నారు. మళ్ళీ చూసింది. ఆయన గ్లాసు అడుగున ఏముందో చూసుకుంటున్నారు. ఒక్కసారి బయటికి రమ్మంటే ఈయన సొమ్మేం పోయింది? కెజియాకి ఏడుపొచ్చినంత పనైంది.

బంతి గీత దాటి పోగానే కేకేసింది.

"ఊపిరాడక చస్తున్నాను, కనబడట్లేదా మాస్టారూ? పిలవరేం?"

"ఇక్కడి పద్ధతి మర్చిపోయావా?"

ఎలా మర్చిపోతుంది? అలిసిపోయారని మాస్టారు ఎవర్నీ బయటికి పిలిచేవారు కాదు. అలిసినవాళ్ళే పిడికిలి పైకెత్తాలి. ఎత్తితే మారుమాట లేకుండా కూర్చోబెట్టేవారు. ఊపిరి కుదుటపడ్డాక, వాళ్ళే చెప్పి మళ్ళీ దిగాలి. పేరొచ్చాక కెజియా పిడికిలెత్తడం మానేసింది. అంత పెద్ద ప్లేయరు చెయ్యెత్తితే జనం ఏమనుకుంటారు!

ఇప్పుడూ గోడవతల నుంచి ఎవరో ఫోనుతో వీడియో తీస్తున్నారు. ఎత్తిందంటే పొద్దుగూకేలోగా ఆ వీడియో ఊళ్ళన్నీ తిరిగొస్తుంది.

తిరగనీ అనుకుంది. పిడికిలి ఎత్తింది.

మాస్టారు బెంచీ మీద కొంచెం పక్కకి జరిగి, మంచినీళ్ళ సీసా అందించారు. కెజియా గటగటా తాగింది. చెమట తుడుచుకుంది. సంచిలో ఫోను మోగింది.

"ఏమ్మా, పేరు తీసేస్తున్నట్టేగా?" సెక్రటరీ గొంతు. "అందరూ అదే అంటున్నారు."

కెజియా తన కుడిచేతి వైపు చూసుకుంది. వేళ్ళు మళ్ళీ పిడికిలిగా ముడుచుకున్నాయి.

"ఉంచండి సార్. తీసెయ్యాల్సిన రోజున నేనే చెప్తాను."

ఫోను సంచిలో పడేసింది. కాసేపు పిల్లల ఆట చూసింది. రొప్పు తగ్గింది. వంగి బూటు లేసులు బిగించుకుంది.

"వెళ్తున్నా మాస్టారూ."

"ఊరికా?"

"ఆటకి."

మాస్టారు ఇంకో టీ తెమ్మని కేకేశారు.