నీళ్ల పొయ్యిలో మూడు కూనలు

అనగనగా అనగానే రాజూ రాజ్యమూ అనుకునేరు, కాదు నాయనా! అనగనగా ఒక ఇల్లు, ఆ ఇంటికో పెరడు, ఆ పెరట్లో పాక కింద ఒక నీళ్ల పొయ్యి.

ఆ ఇంటి పెద్ద సూరాయమ్మ. ఆవిడకు ముగ్గురు కోడళ్లు. పెద్దది పార్వతాలు, నడిపిది కనకం, చిన్నది పైడమ్మ. పైడమ్మ కాపురానికి వచ్చి ఇంకా నెల తిరగలేదు.

చలికాలమంతా ఆ పొయ్యి మీద రాగి కాగు ఎక్కేది. ఇంటిల్లిపాదీ వేణ్ణీళ్లు పోసుకునేవారు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. మర్నాడే సూరాయమ్మ కాగు దింపించి, తోమించి, బోర్లించేసింది. బొంతలు ఉతికి అటకెక్కించారు. మామిడి పూత పిందె కట్టింది. ఇక మళ్లీ కార్తీకం దాకా ఆ పొయ్యి ముఖం చూసేవారు ఉండరు.

ఈ సంగతి ఆ ఇంటి తెల్లపిల్లికి కూడా తెలుసు!

"శివరాత్రి వెళ్లిపోయింది. ఇంతకన్నా భద్రమైన చోటు నాకెక్కడ దొరుకుతుంది?" అనుకుని, పొయ్యి లోపలి మెత్తటి బూడిదలో మూడు కూనల్ని పెట్టింది. పాపం, ఇంకా కళ్లు తెరవని కూనలు. ఇంట్లో ఎవరికీ తెలియదు. మనకు తెలుసు, గుర్తుంచుకోండి.

నాలుగోనాడు ఏమైందనుకున్నారు? కాలం కాని కాలంలో వాన! ఆ వానలో తడిసి ముద్దై, పళ్లు టకటకలాడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరు? సూరాయమ్మ కూతురి మొగుడు, కొత్తల్లుడు!

సూరాయమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. "అయ్యో, అల్లుడు వణికిపోతున్నాడే! కాగు ఎక్కించండర్రా! పెద్దమ్మాయ్, పొయ్యిలో చూశావా?"

"చూశానత్తయ్యా, ఖాళీయే," అంది పార్వతాలు.

చూసిన మాట నిజమే. ఎప్పుడు? శివరాత్రి మర్నాడు, కాగు దింపినప్పుడు! అయినా గబగబా కాగు ఎక్కించి నీళ్లు నింపేసింది.

అప్పుడే ఎలుకను కరుచుకుని వచ్చింది తల్లిపిల్లి. పొయ్యి మీద కాగు చూసేసరికి నోట్లోని ఎలుక జారి కింద పడింది. "మ్యావ్!" అని పార్వతాలు కాళ్లకు చుట్టుకుంది. "ఛీ, ఫో! నీ ఆకలికి ఇదా సమయం?" అని కసిరింది పార్వతాలు.

కనకం కట్టెలు తెచ్చింది. "నడిపమ్మాయ్, నువ్వూ చూశావా?" అని అడిగింది అత్తగారు.

"ఆఁ, చూశానత్తయ్యా!"

అక్క చూస్తే తను చూసినట్టే కదా అనుకుంది మహాతల్లి. ఎండు కొబ్బరిమట్టలూ కట్టెలూ పొయ్యి నోటి నిండా దోపేసింది. వాన చప్పుడులో కూనల కీచుకీచులు ఎవరికి వినబడతాయి? పిల్లి కట్టెల్ని గోళ్లతో లాగబోతే, కనకం చీపురు తిరగేసి ఒక్కటిచ్చింది. చెబుతుంటే నాకే గుండె దడదడలాడుతోంది!

ఇక మిగిలింది నిప్పు. పైడమ్మ వంటింట్లోంచి పెంకు మీద నిప్పులు తెస్తోంది. పొయ్యికి ఇంకో అడుగు ఉందనగా, పిల్లి ఆమె ముందు నుంచి అడ్డంగా దూకింది.

"ఆగవే పిల్లా! పిల్లి అడ్డొచ్చింది, కాస్త ఆగి వెలిగించు," అంది సూరాయమ్మ. ఊరుకోక, అలవాటుకొద్దీ అడిగింది. "నువ్వూ చూశావుగా?"

అక్కలిద్దరూ చూశామన్నారు. అల్లుడు చలికి వణుకుతున్నాడు. ఇంకెవరైనా అయితే "ఆఁ" అని అగ్గి పెట్టేసేవారే.

"చూడలేదత్తయ్యా," అంది పైడమ్మ.

పార్వతాలు తెల్లబోయింది. కనకం కస్సుమంది. "అంటే మేం అబద్ధాలాడుతున్నామా? నిన్నగాక మొన్నొచ్చి ఎంత మాటన్నావే!"

"అబద్ధమనలేదక్కా. నేను చూడలేదన్నానంతే. నిప్పు పెట్టేది నా చెయ్యే కదా!"

అంటూనే పైడమ్మ పెంకు కింద పెట్టి, కట్టెలు లాగేసి, పొయ్యిలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది.

పెట్టి, కెవ్వుమంది!

ఇన్నాళ్లూ నిప్పెరగని బూడిద వెచ్చగా ఉంది. మెత్తగా ఉంది. అయ్య బాబోయ్, కదులుతోంది! ఒకటి, రెండు, మూడు. ఒళ్లంతా బూడిద పూసుకున్న కూనలు ఆమె ఒడిలో కీచుమన్నాయి.

కనకం చేతిలో చీపురు జారిపోయింది. అల్లుడు వణకడం కూడా మరిచి కొయ్యబారిపోయాడు. పార్వతాలు ఉన్నచోటే కూలబడి, "నా చేతులతోనే కాగు ఎక్కించానే తల్లీ!" అని వలవలా ఏడ్చింది. పిల్లి మాత్రం ఎవరి వంకా చూడలేదు. కూనల్ని నాకుతూ కూర్చుంది.

"మిమ్మల్ని అని ఏం లాభమర్రా? ముగ్గుర్నీ అడిగానే గాని, నేనొక్కసారైనా వంగి చూశానా?" అని సూరాయమ్మ కళ్లు తుడుచుకుంది.

"నాకు వేణ్ణీళ్లు వద్దత్తయ్యా, ఓ బొంత ఇప్పించండి చాలు," అన్నాడు అల్లుడు.

అటకెక్కిన బొంతలు మళ్లీ దిగాయి. ఒకటి అల్లుడికి, ఒకటి కూనలకి.

కాబట్టి పిల్లలూ, చూడకుండానే చూశామనేవాళ్లు ఎందరున్నా, చూడలేదని నిజం చెప్పే ఒక్కరే ప్రాణం నిలబెడతారు.