గంగరావి వైపు చూపు

అదిగో అప్పుడెప్పుడో, సముద్రం ఊరికి ఇంకా ఒక కేక దూరంలోనే ఉన్న కాలంలో, ఉప్పుమళ్ళలో పనిచేసే అప్పయమ్మ అనే మనిషి ఉండేది. ఆమె ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. కన్నకూతురు సూరీడమ్మ ఎదురుగా వచ్చి నిలబడితే గొంతును బట్టి పోల్చుకుంటోంది. మొహం కనబడటం లేదు.

ఎండ. ఎండ కింద నీళ్ళు. నీళ్ళలో ఉప్పు. పొద్దు పొడిచింది మొదలు వాలేదాకా ఆ తెలుపే. చెక్కతో ఉప్పు లాగడం, కుప్ప పోయడం, మళ్ళీ లాగడం. కళ్ళు మండేవి, కారేవి, సాయంత్రానికి పుసులు కట్టి రెప్పలు అతుక్కుపోయేవి.

ఆ మళ్ళలో ఒక కట్టుబాటుండేది. ఉప్పు తేలింది మొదలు కుప్పకు చేరేదాకా మడి మీంచి చూపు తిప్పకూడదు. తిప్పితే ఉప్పమ్మ తల్లి అలిగి, తేలిన ఉప్పును మళ్ళీ నీళ్ళు చేసేస్తుందని భయం. కారే కంటినీరు ఆ తల్లికి మొక్కు అనుకునేవారు. ఎవరి కళ్ళయినా పోతే "తల్లి తీసుకుంది" అని, వాళ్ళ గుడిసె ముందు దోసెడు ఉప్పు పోసి వచ్చేవారు.

అప్పయమ్మ కన్నతల్లి గుడిసె ముందు పోశారు. అక్క గుడిసె ముందు పోశారు. ఇక తన వంతని అప్పయమ్మకు తెలుసు. అందుకు ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా మిగల్లేదు. కానీ ఒకనాడు పక్క మడిలోంచి సూరీడమ్మ, "అమ్మా, ఎండంతా నా కళ్ళలోనే కాస్తన్నట్టుందే" అంది. అప్పయమ్మ చేతిలో చెక్క ఆగిపోయింది.

ఆ సాయంత్రమే వాగు ఒడ్డు నుంచి గంగరావి కొమ్మ తెచ్చి తూర్పు గట్టు మీద నాటింది. మంచినీళ్ళు ఊరవతలి చెలమ నుంచి మోయాలి. నడుం పట్టేసినా మోసింది.

"ఉప్పుగట్టు మీద సెట్టేటే అప్పయమ్మా? పిచ్చెక్కిందేటి?" అన్నాడు మళ్ళ పెద్ద తవిటయ్య.

"ఎక్కనీ బాబూ. పిచ్చికి కళ్ళతో పనేటి?"

మొదటి కొమ్మ ఉప్పుగాలికి మాడింది. ఆమె మళ్ళీ నాటింది, మళ్ళీ మోసింది. రెండో కొమ్మను తవిటయ్య మేక మేసింది. "నీ మేకకైనా పచ్చదనం కనబడింది, సంతోషం" అంది. మళ్ళీ నాటింది, మళ్ళీ మోసింది. మూడో కొమ్మ బతికింది. అది గుబురు కట్టేసరికి ఏళ్ళు గడిచాయి. అప్పయమ్మ గట్టు తడుముకుంటూ నడిచే స్థితికి వచ్చింది.

ఆ ఏడు ఒకనాటి మిట్టమధ్యాహ్నం, మడి నిండా ఉప్పు తేలి ఉండగా, ఆమె గట్టు మీంచి కేకేసింది.

"ఒలే సూరీ! సెక్క పడెయ్. తలెత్తి సెట్టు వైపు సూడు."

"ఓలమ్మో! మడి కరిగిపోద్ది!" అని తవిటయ్య అరిచాడు.

"తల్లి అలుగుతాదే అమ్మా" అంది సూరీడమ్మ.

"అలిగితే నా మీద అలగమను. నా దగ్గర పట్టుకుపోడానికి ఇంకేటుంది? సూడు."

సూరీడమ్మ తలెత్తింది. మిగతావాళ్ళంతా ఉప్పు వైపే చూశారు. ఉప్పు ఉన్నచోటే ఉంది.

"ఏటి కనబడతంది?"

"ఆకులమ్మా."

"ఆకులని నాకూ తెలుసు. సరిగ్గా సెప్పు."

సూరీడమ్మ గట్టు దగ్గరకు జరిగి కళ్ళు చికిలించింది. తర్వాత మెల్లగా తెరిచింది. "పసుప్పచ్చ పువ్వోటి పూసిందే. లోపల ఎర్రటి మచ్చ. గాలికి ఆకు ఇటు తిరిగితే మెరుస్తంది, అటు తిరిగితే నల్లబడతంది. కొమ్మ మీద సీమోటి దారి తప్పినట్టుంది, ఎనక్కీ ముందుకీ పోతంది."

"కళ్ళు మండుతన్నాయా?"

సూరీడమ్మ రెప్పలార్పి చూసుకుంది. "లేదే. సల్లగుంది."

అప్పయమ్మ ఉన్నచోటే కూలబడింది. ఇన్నేళ్ళ అలుపూ అప్పుడే దిగినట్టుంది. "అయితే సూడమ్మా. నా వాటా కూడా నువ్వే సూడు."

మర్నాడు ఇంకొకామె తలెత్తింది. ఆ మర్నాడు ఇద్దరు. కొన్నాళ్ళకు తవిటయ్య ఎర్రబడ్డ కళ్ళతో గట్టు మీదికి వచ్చి, ఎటో చూస్తూ, "అప్పయమ్మా, కాస్త జరుగు" అన్నాడు. ఆమె జరిగింది. ఆయన కూర్చుని చెట్టు వైపు తిరిగాడు.

అందరి కళ్ళూ నిలిచాయని కాదు. కానీ అప్పయమ్మ పోయాక కూడా సూరీడమ్మ చాలా ఏళ్ళు తన మనవల మొహాలు చూసుకుంది.

ఇప్పటికీ ఆ తీరంలో మిట్టమధ్యాహ్నం ఉప్పు లాగేవాళ్ళు చెక్కలు కింద పెట్టి తూర్పు గట్టు వైపు తిరుగుతారు. నిన్న చూడనిది ఏదో ఒకటి వెతికి, పక్కవాళ్ళకు పైకి చెబుతారు. కొత్త పిట్ట, ఎండిన కొమ్మ, ఏదైనా సరే. దాన్ని అప్పయమ్మ వాటా అంటారు. అది చెప్పందే ఎవరూ గంజి తాగరు. తాగి, నడుం పట్టుకుని లేచి, మళ్ళీ మడిలోకి దిగుతారు.