ఒంటికి పడని ప్రసాదం

నాగావళి ఒడ్డున సుభద్రమ్మ ఆశ్రమానికి వచ్చిన కొన్నాళ్లకే వకుళకు ఒంటి మీద దద్దుర్లు మొదలయ్యాయి. మధ్యాహ్నం పంక్తిలో అందరితో పాటు భోంచేసేది. ఆ తర్వాత జపానికి కూర్చునేసరికి మెడ మీద, మోచేతుల మడతల్లో ఎర్రగా పొంగి విపరీతంగా దురద పెట్టేవి. పొద్దుగూకేసరికి అణిగిపోయేవి. మర్నాడు మళ్లీ మామూలే.

అది తన పాపమేనని వకుళ నమ్మింది. అక్కతో మాటలు మానేసి వచ్చిన మనిషి ఆమె. తల్లికి జబ్బు ముదిరినప్పుడు అక్క కబురు పెట్టలేదు. వకుళకు కడసారి చూపు దక్కలేదు. ఇప్పుడు జపంలో కళ్లు మూసుకుంటే దేవుడికి బదులు అక్క కనిపించేది. ఆ కోపమే ఒంటి మీద తేలుతోందనుకుంది.

ప్రాయశ్చిత్తంగా ఒకరోజు ఉపవాసం ఉంది. ఆ రోజు ఒక్క దద్దురూ లేదు. దాంతో ఇక అనుమానమే లేకపోయింది. ఉపవాసాలు పెరిగాయి. బుగ్గలు లోపలికి పోయాయి. చేతులు కనిపించకుండా కొంగు కప్పుకుని, ఎవరికీ తగలకుండా దూరంగా కూర్చోవడం అలవాటు చేసుకుంది.

ఒక పొద్దున నూతి దగ్గర నీళ్లు తోడుతూ కళ్లు తిరిగి చతికిలబడింది. సుభద్రమ్మ వచ్చి పక్కనే కూర్చుంది. కొంగు తొలగించి, గోకి గోకి పుండైన చేతులు చూసింది.

వకుళ అన్నీ చెప్పేసింది. "నన్ను పంపించెయ్యండమ్మా. ఇంత కోపం పెట్టుకుని ఇక్కడ ఎలా ఉండను?"

సుభద్రమ్మ ఆమెను లేవదీసింది. లోపలికి తీసుకెళ్లి, తన చేత్తో గంజి పట్టించింది.

మర్నాడు తానే వేరుగా అన్నం వండి మజ్జిగ పోసి ఇచ్చింది.

"తిను. ఇవాళ జపం వద్దు. కూర్చుని మీ అక్కని తలుచుకో. ఎంత కోపం వస్తే అంత తెచ్చుకో."

వకుళ తెల్లబోయింది. "కోపమా?"

"ఆఁ. మొహమాటపడకు."

సాయంత్రం సుభద్రమ్మ మళ్లీ వచ్చింది. "వచ్చిందా?"

"వచ్చిందమ్మా. చాలా వచ్చింది. ఏడ్చాను కూడా."

"ఏవీ, చేతులు చూపించు."

వకుళ కొంగు తీసింది. పాత గీతలు తప్ప కొత్తగా ఏమీ లేవు. చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ ఉండిపోయింది.

అక్కణ్నుంచి సుభద్రమ్మ ఆమెకు విడిగా వండుతూ, ఒక్కోటీ చేర్చుతూ వచ్చింది. పప్పు పెట్టింది. ఆనపకాయ కూర పెట్టింది. చారు పోసింది. ఏమీ కాలేదు. చివరికి, పంక్తిలో మొదటి ముద్దకి ప్రసాదంగా వేసే నువ్వుల పొడి ఒక్కటే మిగిలింది. సుభద్రమ్మ అక్కడ ఆగిపోయింది.

"ఇది పెట్టి చూడక్కర్లేదు. ఇలాంటివి ఒక్కోసారి ఊపిరి మీదికి కూడా వస్తాయి. పట్నం వెళ్లి డాక్టరుకి చూపించుకుందాం."

డాక్టరూ అదే చెప్పాడు. నువ్వులు గానీ, నువ్వుల నూనె గానీ ముట్టుకోవద్దన్నాడు.

తిరిగి వస్తుంటే బస్సులో వకుళ అడిగింది. "ప్రసాదం చెడు చేస్తుందా అమ్మా?"

"ప్రసాదం మంచిదే. నువ్వూ మంచిదానివే. మీ ఇద్దరికీ పడదు, అంతే."

వకుళ కిటికీ వైపు తిరిగి అంది. "కోపం మాత్రం అలాగే ఉందమ్మా."

"ఉండనీ. దానితో తర్వాత మాట్లాడదాం. దాని పేరు చెప్పి ఒంటిని పస్తు పెట్టకు."

మర్నాడు వకుళ మళ్లీ పంక్తిలో కూర్చుంది. వంట చేసే ఎర్రాయమ్మ పొడి గిన్నెతో వరసగా వస్తోంది. ప్రసాదం వద్దని అందరిలో ఎలా అనాలో తెలియక వకుళ తల దించుకుంది.

ఎప్పుడూ పంక్తి మొదట్లో కూర్చునే సుభద్రమ్మ లేచి, తన విస్తరి తెచ్చుకుని వకుళ పక్కన వేసుకుంది. ఎర్రాయమ్మ దగ్గరికి రాగానే విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు వద్దు, ఎర్రాయమ్మా."

"మీకు ఇష్టం కదమ్మా?"

"ఇష్టమే. పక్కన పిల్లకి పడదు."

ఎర్రాయమ్మ వకుళ వంక చూసింది. గిన్నె మూత పెట్టి చంకకి దగ్గరగా పట్టుకుని, వాళ్లిద్దరినీ దాటి వెళ్లింది.

వకుళ కళ్లు నిండాయి. అన్నంలో చెయ్యి పెట్టి కలుపుతూనే ఉంది.

"తిను," అంది సుభద్రమ్మ. "చల్లారిపోతుంది."