కుడితి కుండ మీద ముద్ర

కొండ వాలులో ఒక కల్లు ఇల్లు ఉంది. తాటికల్లు కాదు, చోడి కల్లు. రాగుల్ని ఆ వైపు చోళ్ళంటారు. వాటిని మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, ఉడికించి, కుండల్లో పులియబెడతారు. పెద్ద విద్యేమీ కాదు, ఓపిక ఉండాలి అంతే. ఆ ఇంటి ముసలమ్మకి అది బోలెడుంది. కుండకి చెవి ఆనించి, లోపలి బుడబుడ ఎప్పుడు సద్దుమణుగుతుందో విని, అప్పుడే మూత తీసేది.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది. కొత్తగా వచ్చినవాడు ఎవడైనా సరే, మొదట ఆనపబుర్రతో ముంచి ఇచ్చేది కల్లు కాదు, గేదె తాగే కుడితి. వాడు నోట్లో పోసుకుంటాడు, మొహం వికారంగా పెడతాడు, థూ అని ఊస్తాడు. వాకిలంతా ఘొల్లుమంటుంది. వాడూ నవ్వుతాడు. అసలు కల్లు ఆ తర్వాత. ఆ ఇంటి అల్లుళ్ళందరూ అలా ఊసినవాళ్ళే. నవ్వు సగంలో ఆగిపోతే ఇంటికి మంచిది కాదని ముసలమ్మకి వాళ్ళత్త చెప్పింది. ఆవిడకి ఆవిడ అత్త చెప్పిందట.

ఇలా ఉండగా రాజుగారు చాటింపు వేయించారు. రుచి చూసే ఆయన ఊరూరా వస్తాడు. బాగుందంటే ఆ కుండ మూతికి లక్కముద్ర వేస్తాడు. ముద్ర పడిన ఇల్లు కల్లు చేసుకోవచ్చు. పడని ఇల్లు పొయ్యి ఆర్పేయాలి.

ఒక పొద్దున ఆయన బండి దిగాడు. తెల్లపంచె కట్టిన బక్కపలచని మనిషి. మెడలో గొలుసుకి ముద్ర వేలాడుతోంది.

"ఏదమ్మా, తీసుకురా," అన్నాడు.

కోడలు ముసలమ్మ చెవిలో గొణిగింది. "అత్తా, వద్దు. ఈయన కొత్తల్లుడు కాదు. మన పొయ్యి ఈయన చేతిలో ఉంది."

"కొత్తవాడే కదే. ఆచారానికి రాజు మనిషేమిటి, కూలి మనిషేమిటి," అని ముసలమ్మ కుడితి ముంచి ఇచ్చింది.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని కాచుకున్నారు. ఆయన బుర్ర ఎత్తి గటగటా తాగాడు. చివరి చుక్కదాకా తాగాడు. మూతి తుడుచుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"అమృతం," అన్నాడు. "ముందు తేనె, వెనక వేయించిన చోళ్ళ కమ్మదనం. రాజుగారి విస్తరి పక్కన ఉండాల్సింది ఇదే."

ఎవరూ నవ్వలేదు. గేదె మాత్రం తన కుడితి ఎటు పోతోందా అని తల తిప్పి చూసింది.

ఆయన కుడితి కుండ మూతికి బట్ట కట్టించి, లక్క కరిగించి, ముద్ర వేశాడు.

కోడలు అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నోరెత్తకు. పొయ్యి నిలబడింది. చాలు."

ముసలమ్మ పొయ్యి వైపు చూసింది. తను కాపరానికి వచ్చిన నాటినుంచి ఆరని పొయ్యి అది. ఒక్క మాట మింగితే అలాగే వెలుగుతుంది. కానీ ఆ నవ్వు, ఎవరూ కూర్చోమనని చుట్టంలాగ, వాకిట్లో నిలబడిపోయింది. దాన్ని అలా వదిలేసి లోపలికి ఎలా వెళ్తుంది?

"అయ్యా," అంది. "తమరు ముద్ర వేసింది కుడితి కుండకి."

ఆయనకి కోపం వస్తుందనుకున్నారు. రాలేదు. గడప మీద కూలబడ్డాడు.

"ఎన్నాళ్ళయింది నాయనా, నాలుక చచ్చి?" అని అడిగింది ముసలమ్మ, జ్వరం ఎప్పట్నించి అని అడిగినట్టుగా.

"ఆరేళ్ళు. రాజుగారు ముచ్చటపడి స్వయంగా కల్లు చేశారు. అది చెడిపోయింది. సభంతా నా మొహమే చూసింది. అమృతం అన్నాను. ఇంటికెళ్ళి అన్నం తింటే ఇసక నమిలినట్టుంది. ఇప్పటికీ అంతే."

"ఎవరితోనూ అనలేదా?"

"మీతోనే మొదలు."

ముసలమ్మ లోపలికి వెళ్ళి, కుండలకి ఒక్కొక్కదానికి చెవి ఆనించి, ఒకదాని మూత తీసి అసలు కల్లు తెచ్చింది. ఆయన తాగాడు. చాలాసేపు నోట్లో తిప్పాడు.

"ఎలా ఉందండీ?" అంది కోడలు, ఆగలేక.

"తెలీడం లేదు," అన్నాడు. ఆ మాట ఆయన నోటికే కొత్త. అని, తనే ఉలిక్కిపడ్డాడు.

ఆ వెంటనే నాలుక మొదట్లో ఏదో చురుక్కుమంది. మొహం ముడుచుకుపోయింది.

"ఛీ! ఏమిటీ పులుపు? తవుడు కంపు!" అని థూ అని ఊశాడు.

ఆ ఊసింది కల్లుని కాదు, ఇప్పుడు నాలుకకి అందిన ఇందాకటి కుడితి రుచిని. సగంలో నిలిచిన నవ్వు ఒక్కసారి వాకిలంతా పగిలింది. "అల్లుడుగారికి ఇప్పటికి తెలిసొచ్చిందే!" అంది ఒకావిడ. ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

నవ్వులయ్యాక కోడలు అడిగింది. "మరి మా పొయ్యి సంగతేమిటండీ?"

"మీ కల్లు రుచి నాకింకా అందలేదమ్మా. అందకుండా ముద్ర వేయలేను."

కుడితి కుండ మీది లక్క పగలగొట్టబోయి, ఆగాడు. ముసలమ్మ వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, రాజుగారు కూడా ఈ ఇంటికి కొత్తవారే కదా?"

ముసలమ్మ తలూపింది. "కొత్తవారే," అంది.

ఆయన రెండు కుండలూ బండి ఎక్కించుకున్నాడు. ముద్ర ఉన్న కుడితి కుండ ముందు, ముద్ర లేని కల్లు కుండ వెనక.

"మొదటి బుర్ర దీన్లోంచి ముంచిస్తాను. ఊస్తే, రెండోది ఇచ్చి మీ పొయ్యి సంగతి ఆయన్నే తేల్చమంటాను."

"ఊయకపోతే?" అంది కోడలు.

ఆయన మెడలో గొలుసు ఒకసారి సవరించుకున్నాడు. బండి కదిలింది.

ముసలమ్మ పొయ్యిలో ఇంకో కట్టె ఎగదోసింది. వచ్చి గడప మీద కూర్చుని, కుండకి ఆనించినట్టే, కోట ఉన్న దిక్కుకి చెవి పెట్టింది.

"ఏం వినిపిస్తోందత్తా?"

"పొంగు ఇంకా దిగలేదే," అంది ముసలమ్మ.