జవుళి మేడ స్తంభాలు

లింగాచారికి వచ్చిన కష్టమల్లా మనుషులతోనే. గోడలతో ఆయనకు ఏనాడూ పేచీ లేదు.

పెన్నగడ్డ పాతబజారులో జవుళి మేడ అని ఒకటుంది. కింద పన్నెండు కొట్లు, వాటి ముందు పొడుగాటి వసారా, వసారాకు పద్దెనిమిది స్తంభాలు, స్తంభాల మధ్య కమానులు. నూరేళ్ళ పైమాటే. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిబట్టలన్నీ ఆ వసారాలోనే కొనేవాళ్ళు. తర్వాత బైపాసు రోడ్డు పడింది. వ్యాపారాలు అటు తరలిపోయాయి, మేడకు గబ్బిలాలు మిగిలాయి. పాతబజారు మొత్తం పడగొట్టి పెద్ద కాంప్లెక్సు కట్టేద్దామని మున్సిపాలిటీవాళ్ళు తీర్మానం రాసే దాకా వచ్చారు.

అప్పుడు లింగాచారి అడ్డం పడ్డాడు. ఒక్క జవుళి మేడ నా చేతికివ్వండి, బాగుచేసి చూపిస్తా, జనం మళ్ళీ వస్తే మిగతా నలభై మేడలూ నిలబెట్టండి, రాకుంటే మీ ఇష్టం అన్నాడు. చైర్‌పర్సన్ సులోచనమ్మ సరేనంది. ఆమె ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. అవుననడంలోనూ అంతే, కాదనడంలోనూ అంతే.

పని మూడేళ్ళు పట్టింది. అంతకుముందు ఎవరెవరో పూసిన సిమెంటంతా గీకించాడు. గానుగ సున్నం ఆడించి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపి, పూత మీద పూత వేసి, నున్నటి గులకరాళ్ళతో రుద్దీ రుద్దీ స్తంభాలను అద్దాలు చేశాడు. నిలబడి తల దువ్వుకోవచ్చు, అంత మెరుపు.

ఈ విద్య నేర్పింది దస్తగిరి సాయిబు. ఎనభై దాటిన మనిషి. పని మానేశాక కొండ కింద దర్గా పక్కన చిన్న కొట్టంలో ఉంటున్నాడు. మనసు బాగాలేనివాళ్ళు పొద్దున్నే పోయి ఆయన ముందు కూర్చుంటారు. ఆయన మాట్లాడేది బహు తక్కువ. ఒక్కోసారి ఏమీ చెప్పకుండా మజ్జిగ తాపి పంపేస్తాడు. విచిత్రమేమంటే, వచ్చినవాళ్ళు అంతకే కుదుటపడి పోతారు. ఆయన దగ్గర తొమ్మిదేళ్ళు సున్నం నూరి లింగాచారి ఇంతవాడయ్యాడు.

మేడ తయారై నాలుగు నెలలైంది. పన్నెండు కొట్లలో తెరిచింది రెండే రెండు. ఒకటి బాలనాగయ్య శెట్టి జవుళి కొట్టు. రెండోది ఒక గొడుగుల దుకాణం, ఆ ఊళ్ళో వానలు అంతంతమాత్రం, ఆ బేరమూ అంతే. వసారా మాత్రం తుడిచిన పళ్ళెంలా ఉండేది. ఉండదూ మరి? స్తంభాల చుట్టూ తాడు కట్టించాడు లింగాచారి. కర్ర చేతికిచ్చి ఓబులేసు అనే కాపలాదారును పెట్టాడు. మెట్ల పక్కన బోర్డు రాయించాడు. వసారాలో కూర్చోవద్దు, స్తంభాలకు ఆనుకోవద్దు, గోడకు ఏమీ వేలాడదీయవద్దు, తాంబూలం వేసుకోవద్దు, ఇట్లా పదకొండు వద్దులు. ముప్పై ఏళ్ళుగా వసారా మూల ఆకూవక్కా అమ్ముకుంటున్న రామక్కను రోడ్డు అవతలికి పంపించేశాడు. ఆమె పాపం ఒక చిరుగుల గొడుగు కింద కూర్చుని ఎండను తిడుతూ వ్యాపారం చేసుకుంటోంది.

ఆ శుక్రవారం తనిఖీకి వస్తానని సులోచనమ్మ కబురు పంపింది. సోమవారం పొద్దున ఓబులేసు పరుగెత్తుకొచ్చి, మూడో స్తంభానికి ఎవరో సున్నం రాశారని చెప్పాడు. మన ఊళ్ళల్లో తెలిసిందేగా, ఆకుకు రాసుకోగా వేలికి మిగిలిన సున్నం పక్కనున్న గోడకో స్తంభానికో తుడిచేస్తారు. చెయ్యి దానంతటదే పోతుంది. లింగాచారికి మాత్రం ఎవరో తన బిడ్డ ముఖానికి మసి పూసినట్టయింది. తడిగుడ్డతో గంటసేపు తుడిచి, తిన్నగా దర్గా దగ్గరికి పోయాడు.

"ఉస్తాదుగారూ, ఈ ఊరి జనానికి మంచీ చెడ్డా తెలీదు" అన్నాడు. "ఒక్కటి చెప్పండి. పూతలో ఇంకేం కలిపితే మనిషి చెయ్యి దానికి అంటకుండా ఉంటుంది?"

దస్తగిరి సాయిబు ఆ మాట విని గ్లాసు కడిగాడు. మజ్జిగ ఇచ్చాడు.

"రేపు నేనే వచ్చి చూస్తాలే అబ్బీ" అన్నాడు.

మంగళవారం పొద్దున ఆటో దిగాడు. ఒక్కో మెట్టే ఎక్కాడు. తాడు కింద నుంచి వంగి లోపలికి దూరి, స్తంభం తర్వాత స్తంభం అరచేత్తో నిమురుకుంటూ పద్దెనిమిదీ చూశాడు. లింగాచారి వెనకాలే ఊపిరి బిగబట్టుకుని నడిచాడు. ఆయన చెయ్యి తాకుతుంటే బోర్డు మీది వద్దులు గుర్తొచ్చాయి గానీ, గురువును అనలేడు కదా.

మొదటి స్తంభం దగ్గరికి తిరిగొచ్చి ఆగాడు ముసలాయన. "నా చేతికి ఇంత నున్నన ఎప్పుడూ రాలేదు లింగా. నన్ను దాటిపోయినావు."

లింగాచారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. తొమ్మిదేళ్ళలో ఆయన నోట ఇంత పెద్ద మాట వినలేదు.

"ఆకూవక్కా యాడ దొరుకుతుంది?" అని అడిగాడు సాయిబు.

లింగాచారి రోడ్డు అవతలికి చూపించాడు. ముసలాయన తానే దాటి పోయాడు. రామక్క ఆయన్ను చూడగానే లేచి నిలబడి, మంచి లేత ఆకులు ఏరి ఇచ్చింది. ఆయన వేలితో సున్నం తీసుకుని, ఆకుకు రాసి, మడిచి నోట్లో పెట్టుకుని, తీరిగ్గా నములుతూ మళ్ళీ మెట్లెక్కాడు.

సరిగ్గా అదే వేళకు బాలనాగయ్య శెట్టి కొట్లోంచి బయటికొచ్చాడు. చేతిలో తాళంచెవి.

"ఆచారీ, ఇది నువ్వే పెట్టుకో నాయనా. నేను బైపాసుకు పోతా" అన్నాడు. "నీ పనికి వంక పెట్టను. కానీ నాలుగు చీరలు బయట వేలాడకపోతే ఇది జవుళి కొట్టని ఎవరికి తెలుస్తుంది? వచ్చిన ఆడోళ్ళు కాసేపు కూర్చుందామంటే ఓబులేసు కర్రెత్తుతాడు. మా నాయన ఈ వసారాలోనే పెరిగినాడు. నాకేమో కొట్టు తెరిచిన ప్రతిరోజూ ఏదో తప్పు చేస్తున్నట్టుంది."

లింగాచారి తాళంచెవి అందుకోలేదు. శెట్టి పోతే మిగిలేది గొడుగులే. శుక్రవారం సులోచనమ్మకు చూపించడానికి ఏముంది? మేడతో పాటు బజారంతా నేలమట్టమే. ఏదో చెప్పబోయి, సాయం కోసం గురువు వైపు తిరిగాడు.

దస్తగిరి సాయిబు తన చూపుడువేలు చూసుకుంటున్నాడు. దాని చివర ఇంకా కాస్త సున్నం ఉంది. అటూ ఇటూ చూశాడు. ఇప్పుడే మెచ్చుకున్న ఆ మొదటి స్తంభానికే, అద్దంలా ఉన్నచోటే, పైనుంచి కిందికి జానెడు గీత తుడిచేశాడు. తుడిచి మెట్టు మీద చతికిలబడ్డాడు.

ఓబులేసు అలవాటు కొద్దీ కర్రెత్తి, ఎవరో గుర్తొచ్చి దించేశాడు. శెట్టి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"మీరు కూడానా ఉస్తాదుగారూ" అన్నాడు లింగాచారి.

"సున్నానికి సున్నమే గదా రాసింది" అని ముసలాయన నములుతూ కూర్చున్నాడు.

శెట్టి చెయ్యి చాపినవాడు చాపినట్టే ఉన్నాడు, తాళంచెవి మాత్రం కొంచెం వెనక్కి వచ్చింది. "తాతా, అయితే ఇక్కడ ఆకేసుకోవచ్చునా?"

"నన్నడుగుతావేంది? మేడ ఆయప్పది."

అందరూ లింగాచారి వైపు చూశారు. ఆయనకు ఒళ్ళు మండిపోతోంది. మూడేళ్ళ కష్టం మీద, అదీ తన గురువే, చెయ్యి తుడుచుకున్నాడు. గట్టిగా అరుద్దామని మెట్ల వైపు తిరిగాడు. అక్కడ రామక్క ఉంది. ముసలాయన ఉమ్మి వేసుకోవడానికి డబ్బా తీసుకుని రోడ్డు దాటి వచ్చేసింది. ఆమె వెనక ఇద్దరు తోపుడుబండ్ల వాళ్ళు, మార్కెట్టు నుంచి వస్తున్న నలుగురాడవాళ్ళు, ఈ గొడవేందో చూద్దామని ఆగినవాళ్ళు. అందరూ కింది మెట్టు దగ్గరే నిలబడ్డారు, పోలీసు స్టేషను గుమ్మం ముందు నిలబడ్డట్టు. ఒక్కరూ కాలు పైకి పెట్టలేదు. ఈ నాలుగు నెలల్లో మేడ ముందు ఇంతమందిని ఆయన చూడనేలేదు.

వాళ్ళ కళ్ళల్లో భయం తనను చూసే అని ఆయనకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. మండుతున్న ఒళ్ళు చల్లబడిపోయింది.

వంగి, మొదటి స్తంభానికి కట్టిన తాడు ముడి విప్పాడు. ముడి బిగుసుకుపోయి ఉంటే పళ్ళతో లాగాడు. మిగతావి ఓబులేసు విప్పాడు.

"ఉమ్మితే మాత్రం ఊరుకోను రామక్కా" అన్నాడు. "నీ గంప తెచ్చుకో. నీ మూల నీదే."

"డబ్బా తెచ్చినా గదా సామీ" అంది ఆమె, అప్పటికే గంప కోసం వెనక్కి తిరుగుతూ.

తర్వాత శెట్టి చెయ్యి పట్టుకుని కమాను కిందికి తీసుకుపోయాడు. "ఇక్కడ చిలక్కొయ్యలుండేవి శెట్టిగారూ, మీ తాతల కాలంనాటివి. చీరలు వేలాడదీసేందుకే పెట్టుంటారు. అందంగా లేవని నేనే పీకేసి, రంధ్రాలు పూడ్చి, పైన పూత వేసినా. కొయ్యలు గోడౌన్లో గోనెసంచిలో ఉన్నాయి, పారెయ్యలేదు."

నిచ్చెన తెప్పించుకుని, ఉలి పట్టుకుని, తన చేత్తో వేసిన పూతను తన చేత్తోనే చెక్కాడు. మొదటి దెబ్బ భయం భయంగా వేశాడు. పదో రంధ్రానికి వచ్చేసరికి ఈలపాట పాడుతున్నాడు. కింద నిలబడి, కొంచెం ఎడమకు, ఇంకొంచెం పైకి అని సలహాలిచ్చేవాళ్ళు డజనుమంది పోగయ్యారు. వాళ్ళలో ముగ్గురు స్తంభాలకు ఆనుకునే ఉన్నారు. పదకొండు వద్దుల బోర్డును ఆ సాయంత్రం రామక్క గంప కింద పరుచుకుంది.

బుధవారం శెట్టి చీరలు కమానుల కింద గాలికి ఊగాయి. బైపాసులో మగ్గిపోతున్న అతని తోడల్లుడు అది చూసి, పక్క కొట్టు తాళాలు అడిగాడు. గురువారానికి గాజులవాళ్ళు వచ్చారు, పూసలవాళ్ళు వచ్చారు, ఒక దర్జీ మిషను మోయించుకుని వచ్చేశాడు. శుక్రవారం నాటికి తొమ్మిది కొట్లు తెరిచారు. మెట్ల మీద కూర్చోవడానికి చోటు లేదు.

సులోచనమ్మ పదింటికి వచ్చింది, వెనక ఇద్దరు ఇంజినీర్లు, వాళ్ళ చేతుల్లో ఫైళ్ళు. లింగాచారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్తంభాల గురించి చెప్పాల్సిన మాటలు రాత్రంతా అనుకుని వచ్చాడు. ఎదురెళ్ళబోతుంటే బట్టల మూట మోస్తున్న కూలీ ఒకడు, "జరుగు సామీ, దారిలో నిలబడితే ఎట్లా?" అని భుజంతో పక్కకు నెట్టాడు. ఆ తోపులో ఆయన గాజుల కొట్టు వరకూ కొట్టుకుపోయాడు. అక్కణ్ణించి చూస్తే, సులోచనమ్మ శెట్టి కొట్లో చాప మీద కూర్చుని ఉంది. ముందు ఒక గద్వాల చీర మడత విప్పారు, దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. గంటన్నర తర్వాత ఆమె రెండు పొట్లాలు చంకన పెట్టుకుని, నోట్లో తాంబూలంతో లేచింది.

ఇంజినీరు ఫైలు తెరిచి వెంటపడ్డాడు. "మేడమ్, తనిఖీ రిపోర్టు? పడగొట్టే సంగతి?"

"నడుస్తున్న బజారును ఎవరయ్యా పడగొట్టేది?" అంది సులోచనమ్మ కారెక్కుతూ. "మిగతా నలభై కూడా ఆ ఆచారికే ఇమ్మని రాయి."

లింగాచారి ఆ మాట చెవులారా విన్నాడు. ఆనందం పట్టలేక దస్తగిరి సాయిబును వెతుక్కుంటూ వసారా అంతా తిరిగాడు. ముసలాయన చివరి మెట్టు మీద, ఒక పల్లెటూరి కుటుంబం మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. వాళ్ళు అన్నం మూటలు విప్పుకుని తింటున్నారు. ఆయన కాస్త జరిగి చోటిచ్చాడు. లింగాచారి కూర్చుని అంతా చెప్పాడు. చెప్పడం అయ్యాక చిన్నబోయిన ముఖంతో ఒక మాట కలిపాడు.

"కానీ ఉస్తాదుగారూ, ఆమె ఒక్క స్తంభం వైపన్నా తలెత్తి చూడలేదు. ఆమే కాదు, ఈ పొద్దు ఎవరూ చూడలేదు."

"ఎవురూనా?"

"ఒక్కరు కూడా. ఆనుకుని కూర్చుంటున్నారు, అంతే."

దస్తగిరి సాయిబు ముఖం వెలిగిపోయింది. శిష్యుడి వీపు మీద గట్టిగా చరిచాడు.

"అట్లయితే పని కుదిరింది లింగా."