కషాయంలో వాటా

ఒకానొక చిన్న రాజ్యాన్ని కంపరాజు అనే ఆయన ఏలేవాడు. చెడ్డవాడు కాడు. తాను చాలా మంచివాడినని ఆయనకు గట్టి నమ్మకం. చుట్టూ ఉన్నవాళ్ళను అలసిపోయేట్టు చేసింది ఆ నమ్మకమే.

పున్నమి పున్నమికీ ఆయన కిరీటం తీసి పక్కన పెట్టి, చిన్ననాటి స్నేహితులతో కలిసి పూటకూళ్ళ మాచమ్మ ఇంటికి భోజనానికి వెళ్ళేవాడు. స్నేహితులు ముగ్గురు. సేనాపతి మల్లనాయకుడు ఒకడు. వీధిబడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించే తిప్పన్న ఇంకొకడు. మూడోవాడు గుండయ్య. రాజుగారు వేసిన చిక్కుముళ్ళను నవ్విస్తూ విప్పడం కొలువులో అతని పని. ఏళ్ళ తరబడి అదే చేసి చేసి, నవ్వించడమంటేనే అతనికి విసుగు పుట్టింది.

మాచమ్మ గడప దాటగానే రాజు ఒక మాట తప్పకుండా అనేవాడు. "ఇక్కడ నేను రాజును కాను. మీలో ఒకడిని. అయిన ఖర్చు నలుగురం సమానంగా వేసుకుందాం."

అలా అనడంలో తన గొప్పతనం ఉందని ఆయన మురిసిపోయేవాడు. ఆ తర్వాత విస్తరి ముందు కూర్చుని గారెలు, నేతి బూరెలు, పనసపొట్టు కూర, గడ్డపెరుగు, మళ్ళీ గారెలు లాగించేవాడు. ఎలాగూ నలుగురి మీదా పడేదే గనక సేనాపతి కూడా వెనకాడేవాడు కాదు. తిప్పన్న మాత్రం చారన్నంతో సరిపెట్టుకునేవాడు. తాను మారు వడ్డించమంటే ఆ భారం మిగతావాళ్ళ మీద పడుతుందని అతని బెంగ. ఆ బెంగ ఆ పంక్తిలో ఇంకెవరికీ పట్టలేదు.

వాటా ఇచ్చాక కొన్నాళ్ళపాటు తిప్పన్న ఇంట్లో పిల్లలకు పాలు ఉండేవి కావు. ఆ సంగతి గుండయ్యకు తెలుసు. నోరు తెరిచి చెప్పరా అంటే, స్నేహితుల మధ్య లెక్కలు చూశాడన్న మాట తనకు వద్దని, అంతకన్నా ఏదో వంక పెట్టి రావడమే మానేస్తానని తిప్పన్న అన్నాడు.

గుండయ్య రాజుగారి దగ్గర ఆ పంపకం గురించి సూచనగా కదిపి చూశాడు. రాజుకు అది తన ధర్మబుద్ధికి మెచ్చుకోలులా వినిపించింది. ఒకే పంక్తిలో కూర్చున్నవాళ్ళు దేన్నైనా సరిసమానంగా పంచుకోవాలని రాజ్యమంతా దండోరా వేయించాడు.

గుండయ్య నిట్టూర్చి మరుసటి పున్నమి కోసం ఎదురు చూశాడు.

కొత్త ఆజ్ఞ తెచ్చిన ఉత్సాహంలో ఆ పున్నమికి రాజు మరీ ఎక్కువ తిన్నాడు. తెల్లవారేసరికి కడుపు బిగుసుకుపోయి మంచం మీద మెలికలు తిరుగుతున్నాడు. వైద్యుడు శొంఠి, కరక్కాయ, సునాముఖి కాచి ముంతెడు విరేచనాల కషాయం పట్టుకొచ్చాడు. మొత్తం తాగితేనే గుణమిస్తుందన్నాడు.

గుండయ్య ఆ ముంత అందుకున్నాడు. మిగతా ఇద్దరినీ అప్పటికే పిలిపించి ఉంచాడు. నాలుగు గిన్నెలు వరసగా పెట్టి కషాయాన్ని సమానంగా పోశాడు. ఒకటి రాజు చేతికిచ్చాడు, ఒకటి సేనాపతికిచ్చాడు. సేనాపతి ఏదో అనబోయాడు. వీధిలోంచి దండోరా వినబడుతూనే ఉంది. ఇక మాట్లాడకుండా మింగి, మొహం వికారంగా పెట్టాడు.

తిప్పన్న కూడా తన గిన్నె కోసం చెయ్యి చాచాడు. గుండయ్య అడ్డుపడి, "నువ్వు ఇన్నాళ్ళూ మింగింది చాల్లేరా" అని, అతని వాటా కూడా తానే తాగేశాడు. ఆపైన తన వాటా తాగాడు.

రాజు తన చేతిలోని కాస్త కషాయాన్నీ గుండయ్యనూ మార్చి మార్చి చూశాడు.

"గుండయ్యా, నొప్పి నాది. మందు మీకెందుకురా?"

"ఒకే పంక్తిలో కూర్చున్నాం కదా ప్రభూ."

"కూర్చుంటే? గారెలు తిన్నది నేను. కడుపు ఉబ్బింది నాకు. ఎవడు తిన్నదానికి వాడే..."

రాజు అక్కడ ఆగిపోయాడు. గుండయ్య ఖాళీ గిన్నెలు ఒకదానిలో ఒకటి పేర్చసాగాడు.

రాజు మెల్లగా తిప్పన్న వైపు తిరిగాడు. "నువ్వు చారన్నం తప్ప ఏమీ తినవు కదరా?"

"అవును."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

తిప్పన్న తల వంచుకున్నాడు. "సమానం అని నువ్వు అంత సంబరంగా అనేవాడివి. ఎలా కాదనను?"

రాజు చేతిలోని గిన్నె కింద పెట్టాడు. తర్వాత నవ్వు మొదలైంది. కడుపు పట్టుకుని, నొప్పికి మూలుగుతూనే నవ్వాడు. దండోరా ఆపించాడు. ఇకమీదట ఎవరు తిన్నదానికి వాళ్ళే ఇవ్వాలన్నాడు. తిప్పన్న ఇన్నాళ్ళూ ఎక్కువగా ఇచ్చినదానికి బదులు ఒక పాడి ఆవును అతని ఇంటికి తోలమన్నాడు. తనకు ఇంకో ముంత కషాయం కాచమని వైద్యుడిని పంపాడు.

ఆపైన చేతి కడియం తీసి గుండయ్యను దగ్గరికి రమ్మన్నాడు. గుండయ్య అప్పటికే ద్వారం దగ్గర ఉన్నాడు.

"రేపు పుచ్చుకుంటాను ప్రభూ. రెండు వాటాలు తాగాను" అంటూ పెరటివైపు పరుగు తీశాడు.